లిఫ్ట్ చేసిన జిప్సీ ముందు చక్రాల వణుకు: కారణం దొరికేదాకా నా అనుభవం

లిఫ్ట్ చేయించాక, అంటే ఎత్తు పెంచాక, బండి ముందు భాగం వణుకుతోందా? షాపువాళ్లు ఒకసారి బ్యాలెన్సింగ్ అని, ఇంకోసారి డ్యాంపర్ అని తిప్పుతున్నారా? అయితే ఇది మీ కోసమే రాస్తున్నాను. నా జిప్సీతో జనవరిలో మొదలైన తిప్పలు ఏప్రిల్ చివరికి గానీ తీరలేదు. ఎక్కడ ఎంత ఖర్చయింది, దేనికి ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చింది, అసలు లోపం ఎక్కడ దొరికింది అన్నది జరిగిన వరుసలోనే చెబుతాను.

నాది 2012 మోడల్ మారుతి జిప్సీ, సాఫ్ట్ టాప్. ఉండేది బెంగళూరు మల్లేశ్వరంలో. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చిన వారానికి బెంగళూరు శివార్లలో ఉన్న ఒక షాపులో రెండంగుళాల లిఫ్ట్‌కి ఇచ్చాను. కమాన్ కట్టల్లో ఒక్కో పట్టీ అదనంగా వేశారు. షాకిళ్లు (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే, ఊగే ఇనుప ముక్కలు) రెండంగుళాలు పొడవైనవి మార్చి, వాటికి తగ్గట్టు పొడవైన షాక్ అబ్జార్బర్లు బిగించారు. 235/75 ఆర్15 టైర్లు నేనే కొనిచ్చాను. టైర్లు కాకుండా బిల్లు 41,000 రూపాయలు. నాలుగు రోజుల్లో ఇస్తామన్నవాళ్లు పది రోజులకు పైగా తీసుకున్నారు. స్టీరింగ్ మీద ఏమైనా తేడా వస్తుందా అని ముందే అడిగాను. "రెండంగుళాలకు ఏమీ కాదు సార్" అన్నారు.

సిటీలో నడిపినన్నాళ్లు నిజంగానే ఏమీ కాలేదు. మన ట్రాఫిక్‌లో 50 దాటేదెప్పుడు గనక!

ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం తెల్లవారుజామున నాన్నను ఎక్కించుకుని అనంతపురం బయలుదేరాను. హెబ్బాళ దాటి ఎయిర్‌పోర్టు వైపు వెళ్లే పై రోడ్డు ఎక్కాం. రోడ్డు ఖాళీ, స్పీడు 70. ఆ రోడ్డు మీద రెండు శ్లాబుల మధ్య ఉండే ఇనుప జాయింట్లు తెలుసు కదా, అలాంటి ఒకదాని మీద ఎడమ చక్రం దడాలున పడింది. అంతే, స్టీరింగ్ నా చేతుల్లోంచి లాక్కుంటున్నట్టు కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అద్దంలో వెనక లారీ లైట్లు రెండు పొడుగాటి గీతల్లా సాగిపోయాయి. బానెట్ ఊగుతోంది. ముందు ఉన్న డబ్బా మూత ఊడి కాగితాలు నాన్న ఒళ్లో పడ్డాయి. "ఆపురా, ముందు ఆపు!" అని ఆయన అరుస్తున్నది కూడా ఆ చప్పుడులో సగమే వినిపించింది. బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగ్ వదలకుండా, యాక్సిలరేటర్ మీద కాలు తీసేశాను. 40కి వచ్చేసరికి అంతా ఆగిపోయింది. పక్కకు తీసి చక్రాల నట్లు పట్టి చూస్తే అన్నీ గట్టిగానే ఉన్నాయి. కంటికి కనిపించే లోపం ఒక్కటీ లేదు. నాకు ఎక్కువ భయం వేసింది అప్పుడే. ఏదైనా విరిగి ఉంటే కనీసం కారణం తెలిసేది. ఆ రోజు 50 దాటకుండా వెనక్కి వచ్చేశాం.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. షాపులో నా మాట ఎవరూ పట్టించుకోనిది ఈ తేడా దగ్గరే. టైరు బ్యాలెన్స్ తప్పితే ఒక స్పీడుకు రాగానే సన్నగా వణుకు మొదలవుతుంది, ఆ స్పీడు దాటితే తగ్గుతుంది. గుంత ఉన్నా లేకపోయినా వస్తుంది. నాకు వచ్చింది అది కాదు. జాయింటో, గుంతో తగిలితేనే మొదలై, ఆ తర్వాత దానంతటదే పెరుగుతూ, స్పీడు బాగా తగ్గించేదాకా ఆగదు. ముందు యాక్సిల్ ఒకే దూలంలా ఉండే బండ్లకు వచ్చే జబ్బు ఇది. దీన్ని ఇంగ్లిషులో డెత్ వాబుల్ అంటారు. మీ బండికి ఈ రెంటిలో ఏది వస్తోందో ముందు తేల్చుకోండి, సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది.

షాపువాళ్లు మొదట బ్యాలెన్సింగ్ చేయించారు, 800 రూపాయలు. కొత్త టైర్లలో గాలి 35 పాయింట్లు కొట్టి ఉంది. అంత తేలికైన బండికి అది చాలా ఎక్కువ. నేనే 26కి దించాను. వణుకు పోలేదు గానీ కాస్త ఎక్కువ స్పీడు దాకా రాకుండా ఆగింది. తర్వాత అలైన్‌మెంట్, ఇంకో 700. టో (ముందు చక్రాలు ఒకదానివైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయన్న కొలత) సరిగ్గా ఉందని ప్రింటు తీసి చేతిలో పెట్టారు. ఆ కాగితంలో క్యాస్టర్ (చక్రం పక్కలకు తిరిగే ఇరుసు ఎంత వాలి ఉందన్న కొలత) అన్న గడి ఖాళీగా ఉంది. ఇదేంటని అడిగితే, "ఈ బండికి క్యాస్టర్ అడ్జస్ట్‌మెంట్ ఉండదు సార్, అందుకే కొలవం" అన్నాడు ఆ కుర్రాడు. సరిచేయడానికి వీల్లేనిది అసలు కొలవనే కొలవరని అప్పుడే తెలిసింది. ఆ కాగితం దాచిపెట్టాను, తర్వాత పనికొచ్చింది.

మూడోది స్టీరింగ్ డ్యాంపర్, అంటే స్టీరింగ్‌కు ఉండే చిన్న షాక్ అబ్జార్బర్ లాంటిది. పాతది తీసి కొత్తది బిగించారు, లేబరుతో 4,200. బిగించిన రోజే అదే పై రోడ్డు మీద 80లో నడిపాను. వణుకు లేదు. మూడు వారాల పాటు లేదు. సమస్య తీరిందనుకుని ఇంట్లో కూడా అదే చెప్పాను.

ఉగాదికి మళ్లీ ఊరికి బయలుదేరినప్పుడు దేవనహళ్లి దాటాక తిరగబెట్టింది. ఈసారి 60కే, మొదటిసారి కంటే గట్టిగా. డ్యాంపర్ చేసే పని ఊపును మింగడం మాత్రమే. లోపల వదులైన కీళ్లు వదులుగానే ఉండి, ఆ మూడు వారాల్లో ఇంకా అరిగాయి. పైకి ఏమీ తెలియనీయకుండా కప్పిపెట్టే వస్తువును మందు అని అమ్మడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. అదీ మనుషులు కూర్చునే బండికి.

ఆ రోజు నాన్న చిక్కబళ్లాపురంలో దిగి బస్సెక్కారు. "నువ్వు దాన్ని బాగు చేయించేదాకా నేనైతే ఎక్కను" అన్నారు. తప్పు పట్టలేదు.

తర్వాతి వారం రాత్రుళ్లు వీడియోలు చూస్తూ గడిపాను. విదేశాల వాళ్లు చేసినవే ఎక్కువ. అందరిదీ ఒకే మాట, ముందు ట్రాక్ బార్ చూడండి అని. జీప్ రాంగ్లర్‌కీ, జిమ్నీకీ అది సరైన సలహానే. వాటికి కాయిల్ స్ప్రింగులు కాబట్టి యాక్సిల్ అటూ ఇటూ జరగకుండా అడ్డంగా ఒక రాడ్డు ఉంటుంది. జిప్సీకి ఆ రాడ్డే లేదు. కమాన్ కట్టలే యాక్సిల్‌ను పట్టి ఉంచుతాయి. అంటే ట్రాక్ బార్ బుష్‌కి (కీలులో ఉండే రబ్బరుకి) బదులు మన బండిలో చూడాల్సింది షాకిల్ బుష్‌లు, కమాన్ కట్ట బుష్‌లు. ఇది అర్థమయ్యాక జిప్సీ గురించి తెలిసినవాళ్లనే వెతకాలని తేల్చుకున్నాను.

ఆఫ్‌రోడ్‌కు వెళ్లే మిత్రుడొకరు శివాజీనగర్ వైపు ఉన్న ఒక పెద్దాయన గురించి చెప్పాడు. మదనపల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి ఇక్కడ స్థిరపడిన మెకానిక్, ఎక్కువగా జిప్సీలూ పాత జీపులే చేస్తాడు. ఫోన్ చేస్తే, "ఈ వారం కాదప్పా, చేతిలో ఇంజను పని ఉంది, ఆపైన రా. అంతవరకు ఆ బండిని హైవే ఎక్కించొద్దు" అన్నాడు. వారం పైనే ఆగాను. ఆ మాట ఒక్కటే నాకు ధైర్యం ఇచ్చింది. అప్పటిదాకా ఎవరూ బండి నడపొద్దని చెప్పలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో బండి తీసుకెళ్లాను. ఆయన చేసిన మొదటి పని డ్యాంపర్ విప్పి పక్కన పెట్టడం. "ఇది లేకుండా బండి నిలబడితే అప్పుడు దీన్ని తగిలిస్తాం" అన్నాడు. రెండో పని నన్ను సీట్లో కూర్చోబెట్టడం. బండిని జాకీ మీద ఎక్కించలేదు, నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. బరువు చక్రాల మీద ఉంటేనే బుష్‌ల వదులు బయటపడుతుందట. స్టీరింగ్ కొంచెం కుడికి, కొంచెం ఎడమకి, ఆపకుండా తిప్పుతూ ఉండమన్నాడు. ఆయన కింద పడుకుని ఒక్కో కీలు మీద చెయ్యి వేస్తూ పోయాడు. కాసేపయ్యాక నన్ను కింద పడుకోమని, ఆయన కుర్రాడిని సీట్లో కూర్చోబెట్టాడు.

"కంటితో చూడొద్దన్నా, చేత్తో పట్టుకో. వేలు ఒకటి ఈ పక్క, బొటనవేలు ఆ పక్క."

డ్రాగ్ లింక్ (స్టీరింగ్ కదలికను చక్రాల దాకా తీసుకెళ్లే రాడ్డు) చివర పట్టుకున్నాను. స్టీరింగ్ బాక్సుకు ఉండే పిట్‌మన్ ఆర్మ్ కదిలిన తర్వాత ఒక్క క్షణం ఆగి, టక్కుమని కొట్టుకుని, అప్పుడు కదిలింది రాడ్డు. ఆ టక్కు వేళ్లకు స్పష్టంగా తగిలింది. కళ్లతో అంతకుముందు ఎంత చూసినా నాకు కనిపించలేదు. ఎడమ షాకిల్ దగ్గర కొత్త బుష్ అప్పటికే ఒక పక్కకు అరిగి కోలగా అయింది. పొడవైన షాకిల్‌కి చవక రబ్బరు వేశారని ఆయన లెక్క.

అప్పుడు జాకీ ఎత్తాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే రెండు పక్కలా కాస్త ఆట ఉంది. ఇక్కడ ఆయన చేసిన పరీక్ష చాలా తేలిక, ఎవరైనా చేసుకోవచ్చు. కుర్రాడిని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపాడు. బ్రేకు పట్టగానే కుడి చక్రంలో ఆట పోయింది, అంటే అది వీల్ బేరింగ్ వదులు. ఎడమ చక్రంలో బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంది. అంటే లోపం వీల్ బేరింగ్‌ది కాదు, కింగ్‌పిన్‌ది, అంటే చక్రం కుడికీ ఎడమకీ తిరిగే ఇరుసుది.

ఎడమ నకిల్ (కింగ్‌పిన్ మీద తిరుగుతూ చక్రాన్ని మోసే భాగం) విప్పడం నేను పక్కనే నిలబడి చూశాను. లోపల గ్రీజు ఉండాల్సిన చోట టీ రంగు జావ బయటికి వచ్చింది. నేను కొనకముందు ఈ బండి నీళ్లలో బాగానే దిగి ఉంటుంది, సీలు చిరిగి నీళ్లు లోపలికి పోయాయి. కింది బేరింగ్ కప్పును గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూపించాడు. దాని మీద వరుసగా నిలువు గీతలు, గోరు పెడితే ఆగుతున్నాయి. చక్రం ఎక్కువ సేపు నేరుగా ఉంటుంది కాబట్టి రోలర్లు ఒకే చోట కొట్టుకుని కొట్టుకుని పడిన గాట్లు అవి. ఇది లిఫ్ట్ వల్ల వచ్చింది కాదు, ఏళ్లుగా ఉన్నదే. మరి అంతకుముందు ఎందుకు వణకలేదని అడిగాను. "అప్పుడు దాన్ని కాచుకునేది ఇంకొకటి ఉండె. లేపినప్పుడు అది పోయినాది. అదేందో ఇవన్నీ బిగించినాక చూస్తాం" అన్నాడు.

కింగ్‌పిన్ బేరింగులు, సీళ్లు విడిభాగాల కొట్లుండే జేసీ రోడ్డులో ఒక పక్కకే దొరికాయి. రెండో సెట్టు కోసం నాలుగైదు రోజులు ఆగాల్సి వచ్చింది. జిప్సీని మామూలు జనానికి అమ్మడం ఆగి ఏళ్లవుతోంది కాబట్టి సామాను ముందే సమకూర్చుకుని బండి విప్పించడం మేలు. లేకపోతే గ్యారేజీలో చోటు ఆక్రమించుకుని చక్రాలు లేకుండా పడి ఉంటుంది, నాదానిలాగే.

బిగించేటప్పుడు ఆయన గోడకు వేలాడుతున్న స్ప్రింగ్ కాటా తీశాడు, చేపల కొట్లో ఉండేది. రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ విప్పి, సీలు ఇంకా బిగించకుండా, నకిల్ మీద టై రాడ్ దూరే రంధ్రంలో కొక్కెం తగిలించి లాగాడు. నకిల్ కదలడం మొదలయ్యేటప్పుడు ముల్లు 1 నుంచి 1.8 కేజీల మధ్య ఉండాలట. విప్పకముందు చూసినప్పుడు ఎడమది అర కేజీ కూడా లేదు. కింగ్‌పిన్ కింద ఉండే పల్చటి రేకుల్లాంటి షిమ్ములు తీస్తే బిగుతు పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. ఆయన పైన ఒకటి, కింద ఒకటి తీసి మళ్లీ లాగాడు, 1.5 దగ్గర కదిలింది. ఇంత ముఖ్యమైన కొలత ఇంత మామూలు సాధనంతో దొరుకుతుందని నేను అనుకోలేదు. మీ మెకానిక్ ఈ కొలత చూడకుండా కింగ్‌పిన్ బిగిస్తే చూడమని అడగండి.

డ్రాగ్ లింక్ ఎండ్లు, టై రాడ్ ఎండ్లు, షాకిల్ బుష్‌లు మార్చి, కుడి వీల్ బేరింగ్ నట్టు బిగించి, డ్యాంపర్ లేకుండానే బండి ఇచ్చాడు. హెబ్బాళ పై రోడ్డు మీద, అదే జాయింట్ల మీద 70లో వెళ్లాను. అరచేతులు చెమటలు పట్టాయి గానీ బండి వణకలేదు. 80 దాటాక మాత్రం స్టీరింగ్ మరీ తేలికైపోయినట్టు అనిపించింది. ఒక జాయింట్ దగ్గర రెండు మూడు సెకన్లు ఊగి తనంతట తానే సద్దుమణిగింది. ఫోన్ చేసి చెబితే, "మలుపు తిరిగినాక స్టీరింగ్ దానంతట అదే వెనక్కి వస్తాందా?" అని అడిగాడు. గమనిస్తే రావడం లేదు, నేనే తిప్పి తేవాల్సి వస్తోంది. "క్యాస్టర్ కొలిపించుకుని రా" అన్నాడు.

దాచిన కాగితంలోని ఖాళీ గడి అది. ఇంకో అలైన్‌మెంట్ షాపుకు వెళ్లి, సరిచేయక్కర్లేదు, కొలిచి చెబితే చాలని ఒప్పించాను. చక్రాలను తిరిగే పళ్లేల మీద నిలబెట్టి, రెండు వైపులకూ తిప్పి కొలిచారు. 1,200 రూపాయలు. ఎడమ 0.6 డిగ్రీలు, కుడి 0.8. జిప్సీకి ఉండాల్సింది దాదాపు 3.5.

కారణం కాగితం మీద గీసుకుంటే తెలిసిపోతుంది. జిప్సీ ముందు కమాన్ కట్టకు షాకిల్ ముందు వైపు ఉంటుంది, వెనక చివర ఛాసిస్‌కు నేరుగా బిగించి ఉంటుంది. షాకిల్ రెండంగుళాలు పొడవు చేస్తే కట్ట ముందు చివర మాత్రమే రెండంగుళాలు కిందికి దిగుతుంది. బండి లేచేది అంగుళమే, కానీ కట్ట మొత్తం ముందుకు వాలుతుంది, దానితో పాటు యాక్సిల్ కూడా. కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండాల్సింది దాదాపు నిటారు అయిపోతుంది. చక్రాన్ని నేరుగా ఉంచే బలం ఆ వాలులోనే ఉంది. పెద్దాయన చెప్పిన, అరిగిన కింగ్‌పిన్లను ఇన్నేళ్లూ కాచుకున్నది ఇదే. దానికి తోడు పాతవాటికంటే బరువైన టైర్లు.

రెండు దారులు చెప్పాడు. పాత షాకిళ్లు వేసి అంగుళం వదులుకోవడం, లేదా యాక్సిల్‌కూ కమాన్ కట్టకూ మధ్య వాలు ముక్కలు వేయడం. ఆయనకు మొదటిదే ఇష్టం. నా టైర్లు ఆ ఎత్తులో మడ్‌గార్డుకు తగులుతాయి కాబట్టి రెండోది ఎంచుకున్నాం. పీణ్యలో ఒక లేత్ షాపులో 3 డిగ్రీల ఉక్కు ముక్కలు చేయించాం, జత 1,800, రెండు రోజుల్లో ఇచ్చారు. అల్యూమినియంవి దొరికాయి గానీ నలిగిపోతాయని ఆయన ముట్టుకోలేదు. జిప్సీలో కట్ట యాక్సిల్ కింద ఉంటుంది కాబట్టి మందమైన వైపు ముందుకు రావాలి. కట్టను యాక్సిల్ పైకి మార్చిన బండ్లలో ఇది తిరగబడుతుంది, జాగ్రత్త. పొడవైన సెంటర్ బోల్టులు, కొత్త యూ బోల్టులు తప్పనిసరి, అవి 1,600. మళ్లీ కొలిపిస్తే 3.3, 3.6 వచ్చాయి. టో టేపుతో కొలిచి 4 మిల్లీమీటర్లు లోపలికి పెట్టాడు.

ఆ సాయంత్రం డ్యాంపర్ లేకుండానే దేవనహళ్లి దాకా వెళ్లి వచ్చాను. 90లో జాయింట్ మీద పడితే ఒక్క కుదుపు, అంతే. మలుపు దాటాక స్టీరింగ్ దానంతటదే తిరిగి వచ్చింది. బండి పక్కకు ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను, అంత ఊరట. డ్యాంపర్ తర్వాతి రోజు తగిలించారు.

ఖర్చు: రాడ్ ఎండ్లు 3,600, బుష్‌లు 1,100, కింగ్‌పిన్ బేరింగులూ సీళ్లూ 6,500, లేబర్ 7,000, వాలు ముక్కలూ బోల్టులూ 3,400, క్యాస్టర్ రెండుసార్లు కొలిచినందుకు 2,400. మొత్తం 24,000. అంతకుముందు ఊరికే పోయింది 5,700. మొదటి రోజే క్యాస్టర్ కొలిచి, చెయ్యి పెట్టి కీళ్లు చూసి ఉంటే ఆ 5,700 మాత్రమే కాదు, రోడ్డు మీద ఆ రెండో భయం కూడా తప్పేది. రీడింగులన్నీ పట్టుకుని లిఫ్ట్ చేసిన షాపుకు వెళ్లి చూపించాను. డబ్బు వెనక్కి రాలేదు. షాకిళ్లు అమ్మేటప్పుడు ఈ సంగతి చెబుతామన్నారు.

ఇంకా మిగిలినవి రెండు ఉన్నాయి. యాక్సిల్ వెనక్కి తిప్పాం కాబట్టి పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే చోటు) కిందికి దిగి, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరిగింది. ఫోర్ వీల్‌లో 50 దాటితే ఒక హోరు వస్తోంది. నేను బురదలో మెల్లగా పోయేటప్పుడే ఫోర్ వీల్ వేస్తాను కాబట్టి ప్రస్తుతానికి వదిలేశాను. డ్రాగ్ లింక్ కూడా ముందుకంటే ఏటవాలుగా ఉంది, పెద్ద గుంతలో స్టీరింగ్ కొద్దిగా పక్కకు లాగుతుంది. దానికి ఏం చేయాలో వర్షాలు తగ్గాక చూద్దామన్నాడు. యూ బోల్టులు 500 కిలోమీటర్లకు మళ్లీ బిగించమంటే తీసుకెళ్లాను. ఎనిమిది నట్లలో రెండు పావు చుట్టు దాకా తిరిగాయి. మిగతావి కదల్లేదు.